తడిరంగు మీద వేలు

ఆ ఎండాకాలం నేను మొదటిసారి పడ్డది పదకొండో అంతస్తు మీద నుంచి కాదు, మా ఇంట్లో కుళాయి ముందు. పొద్దున్నే మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నాను. అంతే. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టయింది. కళ్ళు తెరిచేసరికి నేల మీదున్నాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. చేతి చెంబు దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది.

"ఏమైంది?" అని ముందుగదిలోంచి మా ఆవిడ కేకేసింది.

"సబ్బు మీద కాలు వేశాను."

సబ్బు నా చేతిలోనే ఉంది.

మర్నాడూ పడ్డాను. మూడో రోజు ఒక చేత్తో కుళాయి పట్టుకుని రెండో చేత్తో మొహం కడుక్కున్నాను. పడలేదు. పడనందుకు సంతోషించాల్సింది పోయి భయం వేసింది. నలభై ఏళ్ళ మగవాణ్ణి, మొహం కడుక్కోవడానికి కుళాయిని పట్టుకోవలసి వచ్చింది.

నేను పెద్ద పెద్ద భవనాల బయటి గోడలకి రంగులు వేసేవాణ్ణి. పైకప్పు మీద నుంచి రెండు ఇనపతాళ్ళకి వేలాడే సన్నటి బల్లని మేం ఊయల అంటాం. ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు నిలబడతారు. ఎవరి చివర వాడికి తిప్పే పిడి ఒకటి ఉంటుంది. ఇద్దరూ ఒకే లెక్కన తిప్పితే ఊయల తిన్నగా ఎక్కుతుంది, తిన్నగా దిగుతుంది. ఒకడు తొందరపడితే వాలిపోతుంది. గాలికి ఊగకుండా ఊయల అడుగున ఇంకో తాడు కట్టి కింద ఒకడు పట్టుకుంటాడు. ఆ పని ముసలివాళ్ళకీ, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళకీ ఇస్తారు. వాళ్ళని నేను ఏనాడూ పనివాళ్ళ లెక్కలో వేసుకోలేదు. నాకప్పటికి పద్దెనిమిదేళ్ళ అనుభవం. పని దగ్గర అందరూ నన్ను బల్లి అనేవాళ్ళు. ఆ పిలుపంటే కోపం లేదు సరికదా, లోపల కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఏడు చలి తగ్గే రోజుల్లో నాకు పెద్ద జ్వరం వచ్చింది. విషం రక్తంలోకి చేరిందన్నారు. పద్నాలుగు రోజులు పూటకో సూది పొడిచారు. చావు తప్పింది. ఇంటికి వచ్చాక నేల పరుపులా మెత్తగా తోచేది. నడుస్తుంటే వీధి కూడా నాతోపాటు ఎగిరెగిరి పడేది. దుకాణం మీద బోర్డు చదవాలంటే ఆగి నిలబడాలి. నీరసం అన్నారందరూ. నేనూ నీరసమే అనుకున్నాను, కుళాయి ముందు పడేదాకా.

ఇంట్లో చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళాను. జ్వరం చూసిన డాక్టరు నన్ను చెవుల డాక్టరు దగ్గరికి పంపాడు. చెవులు శుభ్రంగా వినపడుతున్నాయి కదా, ఇదేం పిచ్చి అనుకున్నాను. ఆ చెవుల డాక్టరు పెద్దావిడ. పాదాలు రెండూ దగ్గర పెట్టి నిలబడమంది. నిలబడ్డాను. కళ్ళు మూసుకోమంది. మూసుకునే ముందు చూశాను, ఆవిడ నాకు రెండు పక్కలా చేతులు చాపి సిద్ధంగా ఉంది. నేను పడతానని ఆవిడకి ముందే తెలుసు. పడటం కంటే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి చెప్పింది. "మనిషి నిటారుగా నిలబడ్డాడంటే ముగ్గురు కలిసి వాణ్ణి పట్టుకుని ఉన్నట్టు. కళ్ళు ఒకరు. అరికాళ్ళు, కీళ్ళు, కండలు కలిపి ఇంకొకరు. మూడోది చెవి లోపల, ఎముకలో ఉంటుంది. తల ఎటు వంగింది, ఎటు తిరిగింది అని ఒంటికి ఎప్పటికప్పుడు కబురు పంపేది అదే. మీ ప్రాణం నిలబెట్టిన మందే దాన్ని పాడు చేసింది. రెండు చెవుల్లోనూ."

"మళ్ళీ వస్తుందా?"

"రాదు. దాని పని మిగతా ఇద్దరికీ నేర్పుకోవాలి. అందుకు కసరత్తులు రాసిస్తాను, నెలల తరబడి చెయ్యాలి. మీరేం పని చేస్తారు?"

"రంగులు వేస్తాను."

"ఎత్తు మీదా?"

"అప్పుడప్పుడు" అన్నాను.

ఆవిడ నా గోళ్ళ సందుల్లో ఎండిన రంగు వంక కాసేపు చూసింది. "చీకట్లో నడవకండి. లోతు నీళ్ళలో దిగకండి, మునిగితే పైకి ఎటో తెలియదు. ఎత్తు మాత్రం వద్దే వద్దు. కళ్ళకి ఏదైనా అడ్డం వచ్చిందంటే మీకు ఆసరా మిగలదు. తూలినట్టుంటే పక్కన ఏది ఉంటే అది తాకండి. గట్టిగా పట్టుకోనక్కర్లేదు. ఒక్క వేలు ఆనించినా ఒంటికి తానెక్కడుందో తెలుస్తుంది."

అన్ని మాటల్లోనూ ఆ చివరి మాట ఒక్కటే నేను వెంట తెచ్చుకున్నాను.

పని మానేస్తే పోయేదిగా అని ఇప్పుడు ఎవరైనా అంటారు. మానలేకపోవడానికి సగం కారణం మా బావమరిది. మా ఆవిడకి తమ్ముడు, నా ఊయలకి రెండో చివర. మనిషి చూస్తే తలుపంత ఉంటాడు. వాడికి ఎత్తంటే ప్రాణభయం, ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆరేళ్ళ కిందట మొదటి రోజు మూడో అంతస్తు దగ్గర ఊయల అంచు కడ్డీని కావలించుకుని బిగుసుకుపోయాడు. "కిందికి చూడకు. నన్ను చూడు" అన్నాను. అప్పట్నుంచీ వాడు నన్నే చూస్తాడు. రెండో చివర ఇంకెవరైనా ఎక్కితే వాడికి ఆ రోజు కడుపునొప్పి. నేను జ్వరంతో పడుకున్నన్నాళ్ళూ వాడికి కడుపునొప్పే. ఇంకోసారి నొప్పి అంటే వేరేవాణ్ణి చూసుకుంటానని మేస్త్రీ ఖరాఖండిగా చెప్పేశాడట. వాడి ఇంట్లో నాలుగు నెలల పసిపిల్ల ఉంది.

మిగతా సగం నేను. ఊయల దిగిపోతే నేనెవర్ని? కళ్ళు తెరుచుకునే ఉంటాను కదా, కళ్ళు మూసుకుని రంగులు వేసేవాడు ఎవడుంటాడు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఎండలు ముదిరేసరికి పదకొండంతస్తుల భవనం ఒకటి దొరికింది. వానలు పడేలోగా గోడలన్నీ పూర్తి కావాలి. మొదటి గండం నేల మీదే ఎదురైంది. మా మేస్త్రీకి ఒక పద్ధతి ఉంది. ఎప్పుడో ఆయన దగ్గర పనిచేసినవాడు రాత్రి తాగింది దిగక ముందే పైకెక్కి పడి చచ్చిపోయాడు. ఆనాటి నుంచి రోజూ పొద్దున్న అందర్నీ వరసలో నిలబెట్టి ఒంటికాలి మీద ఉంచి పది లెక్కపెడతాడు. పది లోపు కాలు దించినవాడు ఇంటికే. దీన్ని మేం ఒంటికాలి హాజరు అనేవాళ్ళం. ఏళ్ళ తరబడి నేను దీన్ని ఒక ఆటలా చేశాను. లెక్క పదికి వచ్చినా దించకుండా "ఇరవై కానివ్వండి మేస్త్రీ" అనేవాణ్ణి.

ఆ పొద్దున మా బావమరిది వెనక నిలబడ్డాను. కాలు ఎత్తగానే చీలమండ గడగడా వణికింది. ఎదుటి గోడ మీద ఒక మేకుని చూపుతో పట్టుకుని, వాడి చొక్కా అంచుని చూపుడువేలితో తాకాను. అంతే తాకాను. వణుకు తగ్గింది. మేస్త్రీ పది అన్నాడు.

"ఏరా బల్లీ, ఇవాళ ఇరవై వద్దా?"

"జ్వరం మనిషిని కదా, తగ్గింపు ఇవ్వండి" అన్నాను. అందరూ నవ్వారు. నా వీపు మీద చెమట నడుము దాకా కారింది.

పైన ఎలా ఉండేదో చెప్పమంటే చెప్పలేను గాని, ఎలా చేసేవాణ్ణో చెప్పగలను. కుడిచేతిలో రోలరు. ఎడమచేతి చూపుడువేలు గోడ మీద. తల గబుక్కున తిప్పకూడదు. తిప్పితే గోడంతా కుదుపులో బండిలా ఊగుతుంది. మేఘాల వంక చూడకూడదు. అవి కదిలితే నేనే పడిపోతున్నట్టుంటుంది. చూపు ఒకచోట ఆనించి, వేలు ఒకచోట ఆనించి, అప్పుడు కాలు కదపాలి. ఇన్నాళ్ళూ ఇవన్నీ నా ఒళ్ళు నాకు చెప్పకుండా చేసుకుపోయింది. ఇప్పుడు ప్రతి అడుగూ నేనే చెప్పి చేయించుకోవాల్సి వచ్చింది. సాయంత్రానికి బస్తాలు మోసినవాడిలా అయిపోయేవాణ్ణి. కిందికి చూస్తే కలగాల్సిన భయం నాకు ఏనాడూ లేదు. ఇప్పుడు కంట్లో నలక పడుతుందేమోనని భయం, తుమ్ము వస్తుందేమోనని భయం. తుమ్మితే కళ్ళు మూసుకుంటాం కదా.

రంగు వేసేవాడి పాపాల్లో మొదటిది తడిగోడ ముట్టుకోవడం. పని నేర్చుకునే రోజుల్లో దీనికి చెంపదెబ్బలు తిన్నాను. అలాంటిది నేను పోయిన దారంతా లేత పసుపు గోడ మీద జానెడుకో వేలి చుక్క పడేది. పక్కకి జరుగుతూ చూసుకుని సిగ్గుతో చచ్చేవాణ్ణి. చిత్రం ఏమిటంటే మర్నాటికి ఒక్క చుక్కా ఉండేది కాదు. ఆ మధ్య మా బావమరిదికి పని మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రతి అంతస్తు దగ్గరా దిగబోయే ముందు "ఆగు బావా, ఇక్కడ పలచగా పడింది" అంటూ పొడుగు కర్ర రోలరుతో నా వైపు గోడ మీద ఇంకోసారి లాగేవాడు.

"ఒరేయ్, ఈ భవనం నీకు రాసిస్తారనుకుంటున్నావా?" అని ఏడిపించేవాణ్ణి.

"రాసిస్తే కింది వాటా నాది, పై వాటా నీది" అనేవాడు, నా మొహం వంకే చూస్తూ.

నాకు అనుమానం రాలేదు. భయంలో ఉన్నవాడు తనకి అనుకూలమైన దేన్నైనా నమ్ముతాడు.

ఇంట్లో వ్యవహారం వేరే దారి పట్టింది. మా ఆవిడ ముందుగదిలో ఇస్త్రీ చేస్తుంది. చుట్టుపక్కల నాలుగు వీధుల బట్టలు ఆవిడ చేతుల మీదుగానే పోతాయి. బట్ట చూసి మనిషి సంగతి చెప్పడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఎవరి ఉద్యోగం ఊడింది, ఎవరింట్లో అలకలు నడుస్తున్నాయి, అన్నీ చెప్పేది. ఒక సాయంత్రం నా చొక్కాలు నాలుగు బల్ల మీద వరసగా పరిచి కూర్చుంది.

"ఇలా రండి" అంది. "అన్నిటికీ ఎడమ భుజం దగ్గరే ఎందుకు అరిగింది?"

చూశాను. ప్రతి చొక్కాకీ ఎడమ భుజం మీద సున్నం, ఇటుక పొడి, లేచిన పోగులు. ఇంటికొచ్చే సందులో వీధి దీపం లేదు. ఆ గోడని భుజంతో రాసుకుంటూ వచ్చేవాణ్ణి.

"బస్తాలు మోస్తున్నాను" అన్నాను.

"బస్తా మోస్తే భుజం పైన అరుగుతుంది. ఇది పక్కన అరిగింది. గోడ పట్టుకుని నడిచేవాళ్ళ చొక్కా ఇలా ఉంటుంది." ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "నిన్న గుమ్మం దగ్గర తూలారు. మొన్న మెట్ల మీద కూర్చుండిపోయారు. ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారు?"

నేను జన్మలో చుక్క ముట్టినవాణ్ణి కాదు. ఆ మాట అనడానికి నోరు తెరిచాను. అంతలో నా లోపలి పిరికివాడు లెక్క వేశాడు. తాగుతున్నానంటే తిడుతుంది, ఏడుస్తుంది, మానిపించాలని చూస్తుంది. నిజం చెబితే రేపట్నుంచి ఊయల లేదు. నేను తేలు కుట్టిన దొంగలా తలొంచుకున్నాను.

"ఒట్టు పెట్టుకోండి, మానేస్తానని" అంది.

"మెల్లిగా మానేస్తాను."

ఆవిడ ఏడవలేదు. ఆ చొక్కాలు నాలుగూ మళ్ళీ తడిపి ఇస్త్రీ చేసింది. అరిగిన చోట పెట్టె ఆనించి చాలాసేపు ఉంచింది. తాగుబోతు మొగుడి పెళ్ళాం అనిపించుకోవడం ఆవిడకి ఎంత నామోషీయో నాకు తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకున్నాను. ఆ ఎండాకాలం నేను చేసిన పనుల్లో ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది అదే.

ఆవిడ ఊరుకోదు కదా, తమ్ముడికి చెప్పింది. రెండు రోజుల తర్వాత ఊయల ఎక్కే ముందు వాడు నా బెల్టు బిగించే నెపంతో దగ్గరికొచ్చి నా మొహం దగ్గర గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఏంట్రా, కుక్కలా వాసన చూస్తున్నావు?"

"ఏం లేదు బావా. బెల్టు సరిగ్గా పడిందా అని."

బెల్టు రెండుసార్లు లాగి చూశాడు. ఆ రోజు నుంచి నా వైపు బకెట్టు తనే నింపేవాడు, నన్ను వంగనిచ్చేవాడు కాదు. బావంటే గౌరవం పెరిగిందనుకున్నాను.

వానలు ఇంకో పది రోజుల్లో పడతాయనగా అది జరిగింది. మధ్యాహ్నం మూడింటికి తొమ్మిదో అంతస్తు దగ్గరున్నాం. అక్కడ గోడకి రాతి అంచు ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని దాటాలంటే బెల్టు కొక్కెం ఒక తాడు నుంచి తీసి రెండో తాడుకి తగిలించాలి. ఇద్దరం కొక్కేలు తీశాం. సరిగ్గా అప్పుడే నా తల మీద కిటికీ ఎవరో తెరిచారు. లోపల నేలరాయి అరగదీస్తున్న మిషను దుమ్ము కిటికీలోంచి కుమ్మరించినట్టు మీద పడింది.

కళ్ళు భగ్గుమన్నాయి, మూసుకుపోయాయి. తెరవడం నా వశంలో లేదు.

ముందు వెనక, కింద పైన అన్న మాటలకి అర్థం లేకుండా పోయింది. చేతిలో రోలరు ఉందో లేదో తెలియలేదు. కాలికి బకెట్టు తగిలింది, తర్వాత తగల్లేదు. ఊయల అటూ ఇటూ ఊగింది. మూడు లెక్కపెట్టేలోపు కింద ఎక్కడో బకెట్టు పగిలిన చప్పుడు వినిపించింది. అప్పటికీ నేను నిటారుగానే నిలబడి ఉన్నాననుకుంటున్నాను. చల్లటి గాలి నుదుటికి తగిలింది. అది కింద నుంచి వస్తోంది. కడ్డీ నా పొట్టలో గుచ్చుకుంటోంది. నా తల, భుజాలు ఊయల బయట ఉన్నాయని అప్పుడు అర్థమైంది. వెనక్కి రావాలంటే ఎటు లాగాలో తెలియలేదు. తప్పు వైపు లాగితే అంతే. పై ప్రాణాలు పైనే పోయాయి.

"బావా." వాడి గొంతు చాలా మెల్లిగా వచ్చింది, పసిపిల్లని లేపుతున్నట్టు. "కదలకు. నేను నీ వైపు వస్తే ఊయల వాలిపోతుంది, అందుకని రావడం లేదు. చెప్పినట్టు చెయ్యి. గోడ నీ ఎడమచేతి పక్కనే ఉంది. వేలు పెట్టు."

"ఎక్కడుందిరా?"

"చెయ్యి పక్కకి చాపు. ఇంకొంచెం. నువ్వు రోజూ పెట్టే వేలే పెట్టు."

వేలు చాపాను. చల్లగా, తడిగా రంగు తగిలింది. ఆ ఒక్క వేలి మీద నుంచి గోడ వచ్చింది. గోడ వెంట నేల వచ్చింది. నేల వెంట నా మోకాళ్ళు ఎక్కడున్నాయో తెలిసింది. మెల్లిగా వెనక్కి జరిగి ఊయల మీద కూలబడ్డాను. కొక్కెం ఏ చేతికి దగ్గరో వాడే చెప్పాడు. తగిలించుకున్నాను. అవతల వాడి కొక్కెం కూడా పడిన చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు దిగుదాం" అన్నాడు. "నేను లెక్కపెడతాను. నా లెక్కకి తిప్పు."

"కళ్ళు తెరుచుకోవడం లేదురా."

"తెరవక్కర్లేదు. పిడి నీ కుడిచేతి దగ్గరుంది. ఒకటి."

తిప్పాను. రెండు అన్నాడు. తిప్పాను. తొమ్మిది అంతస్తులు అలా దిగాం. మధ్యలో వాడి గొంతు రెండుసార్లు తడబడింది, లెక్క మాత్రం తప్పలేదు. ఆరేళ్ళుగా నా మొహం చూసి నిలబడ్డవాడికి ఆ రోజు చూడటానికి ఒక మొహం లేదు. నేను మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాను.

నేల మీదికి వచ్చాక, దుమ్ము పడి బకెట్టు జారిందని కింద తాడు పట్టుకున్న ముసలాయనకి చెప్పి, గొట్టంతో నా కళ్ళు కడిగాడు. చూపు వచ్చింది. వాడి మొహం పాలిపోయి ఉంది. ఇద్దరం ఇసక కుప్ప మీద కూర్చున్నాం.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"మొదటివారమే. గోడ నిండా నీ చుక్కలే. రోజూ నేనేగా పూశాను." తల గీరుకున్నాడు. "తాగుతున్నావని అక్క అంటే వాసన చూశాను. ఏం లేదు. ఇంకేదో పెద్ద రోగం అనుకున్నాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే చెప్తావు. చెప్తే దిగిపోతావు. దిగిపోతే నేనెవర్ని చూడాలి?" ఇసక పిడికిట్లోకి తీసుకుని వదిలాడు. "నువ్వు పడిపోతావేమోనని రోజూ వణికాను బావా. అయినా అడగలేదు. నాదే తప్పు."

ఎవడి కోసం నేను దాచానో వాడే నా కోసం, తన కోసం దాచాడు. ఆ చివర, ఈ చివర నిలబడి రెండు నెలలు ఒకరినొకరు చావుకి దగ్గరగా తీసుకెళ్ళాం. నాకు కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. కళ్ళలో దుమ్ము ఉండటం మంచిదైంది.

సాయంత్రం మా ఆవిడకి ఇద్దరం కలిసి చెప్పాం. సూదులు, చెవులు, కుళాయి, వేలు, తొమ్మిదో అంతస్తు, అన్నీ. ఆవిడ ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టడం కూడా మర్చిపోయింది. ఎవరిదో తెల్లచొక్కా కాలి వాసన వచ్చాక తీసింది.

"తాగుతున్నారనుకున్నాను" అంది. "ఎంత ఏడ్చాను. ఇప్పుడు అనిపిస్తోంది, తాగుబోతైనా బాగుండేదని." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు చుక్కలు పూశావా? మీ అక్క మొగుడు ఎక్కడెక్కడ చావబోయాడో ఆనవాళ్ళు చెరిపావా?" తలుపంత మనిషి గుమ్మం పక్కన గోడకి అంటుకుపోయాడు. కాసేపటికి ఆవిడే వాడికి మంచినీళ్ళు ఇచ్చింది.

మేస్త్రీకి మాటల్లో చెప్పలేదు. మర్నాడు ఒంటికాలి హాజరులో వరస ముందుకొచ్చి, రెండు పాదాలూ నేల మీదే ఉంచి, దగ్గర పెట్టి, కళ్ళు మూసుకున్నాను. మూడు లెక్కపెట్టేలోపే తూలిపోయాను. మా బావమరిది చేతులు చాపి సిద్ధంగా ఉన్నాడు, పట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ నా దగ్గరికొచ్చాడు. ఆ పడి చచ్చిపోయినవాడు గుర్తొచ్చాడో ఏమో, "ఎన్నాళ్ళుగా?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. నన్ను తిట్టాడు. జీవితంలో అంత హాయిగా తిట్లు తినలేదు.

"కింది తాడు పట్టుకో" అన్నాడు చివరికి.

ఊయల రెండో చివరికి వేరే మనిషిని ఎక్కించారు. మా బావమరిది కడుపునొప్పి అనలేదు. బెల్టు బిగించుకుంటూ నా వంక చూశాడు.

"పైన నేనెవర్ని చూడాలి బావా?" అన్నాడు, వేరేవాడికి వినపడకుండా.

"అవతలివాణ్ణే చూడు. మొహం బాగా లేకపోతే చెవి చూడు."

నవ్వబోయాడు. పిడి పట్టుకున్నాడు.

ఊయల లేచింది. ఎక్కడిదాకా వెళ్ళాడో చూద్దామని తల పైకెత్తాను. వెంటనే ఆకాశం గిర్రున తిరిగి వెనక్కి తూలాను. ఇది నేను అనుకోలేదు. తల పైకెత్తి నిలబడటం కూడా ఇక నాకు లేదు. పైన వాడుంటాడు, నేను వాణ్ణి చూడలేను. పద్దెనిమిదేళ్ళలో కింద తాడు పట్టుకున్నవాళ్ళ గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వాళ్ళకి ఎంత భయం వేస్తుందో ఆ రోజు తెలిసింది. పైనున్నవాడికి ఒక్క ప్రాణమే, కిందున్నవాడికి పైవాళ్ళవి కూడా.

తల దించి, నా కాళ్ళ ముందు నేలనే చూస్తూ నిలబడ్డాను. వాడి చివర అడుగున కట్టిన తాడు నా పిడికిట్లోంచి కొంచెం కొంచెంగా పైకి పోతోంది. అయిదో అంతస్తు దగ్గర అనుకుంటాను, ఆగింది. గాలి లేదు. అయినా తాడు వణుకుతోంది. సన్నగా, ఆగకుండా. పద్దెనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, గాలికి ఊగే తాడేదో మనిషి వణుకు దిగివచ్చే తాడేదో నాకు తెలుసు. వాడు బిగుసుకుపోయాడు.

అరిస్తే అందరికీ తెలిసిపోతుంది. ఆరేళ్ళు దాచిన సంగతి. పిడికిలి సడలించి చూపుడువేలు తాడు మీద ఆనించాను. రోజూ గోడ మీద పెట్టిన వేలే. రెండుసార్లు మెల్లిగా తట్టాను.

ఏమీ లేదు. వణుకు అలాగే ఉంది.

మళ్ళీ తట్టాను. పైన ఏం జరుగుతోందో కళ్ళతో తెలుసుకునే దారి లేదు కాబట్టి, కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. మూసుకున్నానని కూడా నాకు వెంటనే తెలియలేదు.

చాలాసేపటికి పైనుంచి రెండు తట్లు వచ్చాయి.

తాడు కదిలింది. ఆరో అంతస్తుకి, తర్వాత ఏడుకి. కళ్ళు తెరిచాను. నేను నిలబడే ఉన్నాను. తాడు ఇంకా వణుకుతూనే ఉంది. అందులో వాడిదెంతో నాదెంతో తెలియలేదు. మధ్యాహ్నం అన్నానికి దిగేదాకా నేను ఆ వేలు తీయలేదు.